పొల్లు

థెబార్టన్‌లో, బీరు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు.
జనవరి. బయట నలభై మూడు డిగ్రీలు.
లోపల మేం కట్టిన యంత్రానికి
మా ఫ్యానుకంటే పెద్ద ఫ్యాను.

నేను రాసింది కంపైలరు.
మనిషి మాటను యంత్రం మాటగా దించుతుంది.
దిగడం అక్కడితో అయిపోయిందనుకునేవాణ్ణి.
ఆ మాట కింద ఇంకో మాట ఉందని
గళ్ల కాగితం మీద చూపించింది లోర్నా షిర్మర్.
'భాగించు' అనే ఒక్క ఆదేశానికి పంతొమ్మిది అడుగులు,
అడుగుకి అరవై నాలుగు గళ్లు, గడికొక తీగ.
ప్రతి అడుగు చివరా తర్వాతి అడుగు చిరునామా.
పక్కింటికి పోవాలన్నా
చిరునామా రాసుకుని పోవాల్సిందే.

ఆ గళ్లు నింపే అసెంబ్లరు ఆమెది.
ఆదివారాలు టనండా చర్చిలో ఆర్గన్ వాయించేది.
ఏ మీట లాగితే ఏ గొట్టం నోరు తెరుస్తుందో
చూడకుండా తెలిసిన వేళ్లు.
భాగహారం నువ్వు రాయి, నేర్చుకుంటావు, అంది.
రాశాను.

ఆ ఏడు పంట విరగ్గాసింది.
పోర్టు దగ్గర గోధుమల తూకం మా యంత్రానిది:
ఖాళీ లారీ, నిండు లారీ, తేమ శాతం, రసీదు.
మూడో రోజు మల్లాలా నుంచి క్లెమ్ నోస్కె అనే రైతు
రసీదు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"నా లారీని కూడా గోధుమల కింద కొన్నారు.
దాన్ని మర పట్టిస్తే పిండి రాదు."

ఆరు టన్నుల ఖాళీ బరువు
నాలుగు కిలోలని ఉంది.

మూడు రాత్రులు కంపైలర్ని తిట్టుకున్నాను.
అది దించిన ప్రతి ఆదేశమూ సరిగానే ఉంది.
నేను రాసిన భాగహారమూ, చదివితే, సరిగానే ఉంది.
లోర్నా నా రాత చదవలేదు.
చిప్పులో కాలిన ఒకట్లూ సున్నాలూ కాగితానికి ఎక్కించి
స్కేలు జరుపుకుంటూ చదివింది.
ఏడో అడుగు దగ్గర స్కేలు ఆగింది.

"శేషాన్ని ఎక్కడ పెట్టమన్నావు?"
"ఎక్కడా పెట్టమనలేదు. ఆ గడి వదిలేశాను."
"వదిలేసిన గడిని నా అసెంబ్లరు సున్నాతో నింపుతుంది.
సున్నా అంటే సున్నా నంబరు గది.
ఆ గదిలో ఎవరున్నారు?"

లారీ ఉంది.

సంచిలోంచి ఆర్గన్ పుస్తకం తీసింది.
విరామాన్ని కూడా రాస్తారు చూడు, ఈ నల్ల గుర్తు.
ఇది మరిచిపోతే నిశ్శబ్దం రాదు,
తప్పు స్వరం వస్తుంది.

నేను ఆమె కాగితం అంచున 'ల' రాశాను.
దీని నెత్తిన తలకట్టు కూడా లేదు,
అయినా 'అ' పలుకుతుంది, ఎవరూ అడక్కుండానే.
నోరు మూయించాలంటే ఇదిగో, ఇది పెట్టాలి: ల్.
"దీన్నేమంటారు?"
"పొల్లు."
గింజ లేని ఊకనీ అదే మాట అంటామని చెప్పలేదు.
అసలే గోధుమల గొడవలో ఉన్నాం.

సాయంత్రం కొండల మీంచి గాలి దిగింది,
షెడ్డు తలుపు టపటపా కొట్టుకుంటూనే ఉంది.
ఆమె అసెంబ్లర్ని మార్చింది.
ఇకమీదట ఖాళీ గడి కనబడితే ఒప్పుకోదు.
ఏమీ చేయొద్దంటే
ఏమీ చేయొద్దని అడగాలి.
ఆ అడిగే మాటకి పొల్లు అని పేరు పెట్టింది.
స్పెల్లింగులో రెండు ఎల్‌లూ వేసింది గానీ
పలికేటప్పుడు మాత్రం చివరిదాకా 'పోలో' అనే అంది.

ఆ మూడు రోజుల్లో ఎన్ని లారీలు కొన్నామో
తర్వాత లెక్క తేలింది. ఇక్కడ చెప్పను.
రసీదు వెనక్కి తెచ్చింది నోస్కె ఒక్కడే.

యంత్రం ఎప్పుడో తుక్కుకి పోయింది.
మడతల కాగితం లిస్టింగు నా దగ్గర మిగిలింది.
నలభై ఒకటో నిలువు వెంట
పొల్లు, పొల్లు, పొల్లు,
పేజీల కొద్దీ, జాగ్రత్తగా అడిగిన ఊరుకోవడాలు.
మొన్న తిరగేస్తుంటే, గుణకారంలో, పన్నెండో అడుగున
ఒక్క గడిలో సున్నా.
గుండె జారింది.
పక్కన పెన్సిలుతో, ఆమె రాత, చిన్నగా:
ఇక్కడ నిజంగానే సున్నా కావాలి.